ముందు పేరు చెప్పు

మొయినాబాద్,
ఆగస్టు 11, ఆదివారం

సమతక్కా,

ఏందక్కా, బతికున్నవా లేవా? ఫోన్ చేస్తే "ఆ", "ఊ", "సరే" తప్ప నాలుగో మాట లేదు. వెనక మీ బాపు వార్తలు పెట్టుకొని కూసుంటడు, నువ్వు జవాబు నాకు చెప్తున్నవో ఆయనకు చెప్తున్నవో సమజ్ కాదు. "రాయి పిల్లా, మళ్ల మళ్ల చదువుకుంట" అన్నవ్ గదా, ఇగో రాస్తున్న. చర్చి నుంచి వచ్చి అన్నం గూడ తినలేదు, తెల్సా.

నువ్వు గచ్చిబౌలి నౌకరి ఇడిసిపెట్టినంక నాకు ఆ బస్సు ఎక్కబుద్ధి కాలేదు. నాలుగేండ్లు చేవెళ్లల ఎక్కి, పక్క సీటు మీద దస్తీ ఏసి, మొయినాబాద్ దాక ఎంతమందితోని కొట్లాడి నాకోసం ఆపినవో. మే నెలల నేను గూడ ఇడిసిపెట్టిన. ఇప్పుడు జన్వాడ కాడ చిన్న కంపెనీల చేరిన. ఫాంహౌజు కిరాయికి తీసుకొని ఆఫీసు పెట్టిండ్రు. ఈత కొట్టే తొట్టి ఉన్నది గాని అండ్ల నీళ్లు లేవు, ఖాళీ అట్టపెట్టెలున్నయి. మేం చేసేది ఎడిటర్, మీలాంటోళ్లు కోడు రాసుకునే సాఫ్ట్‌వేర్. నీ కొత్త ఆఫీసోళ్లు నీకిచ్చింది మాదే అని తెలిసి ఎంత ఎగిరిన్నో!

మా సుకుమార్ సార్ నాకొక్క పని పెట్టిండు. ఎడమ పక్క క్లాసుల చెట్టు వస్తది గదా, దాంట్ల చెత్త తగ్గియ్యాలెనట. మా అమ్మ "నువ్వు చేసే పనేందే" అని అడిగితే గిట్ల చెప్పిన: "అమ్మా, కోడుల ఒక్కో ముక్కను క్లాసు అంటరు. ఒక క్లాసు తల్లి అనుకో. దాని గుణాలు తీసుకొని పుట్టినయి పిల్లలు, వాటికి మళ్ల పిల్లలు. ఎవరు ఎవరి కడుపున పుట్టిండ్రో వరసపెట్టి చూపించే పట్టీ అది. ఇప్పుడు అండ్ల అడ్డమైనోళ్లంత చేరిండ్రు, మనోళ్లు ఎక్కడున్నరో దొరుకుతలేరు." అమ్మ "పెండ్లి ఇంట్ల చెప్పుల కాడ గిట్లనే ఉంటది" అన్నది.

నువ్వు రోజంత దాన్నే వాడుతవ్. నీకు ఏది అడ్డమొస్తున్నదో మొహమాటం లేకుంట చెప్పు.

నీ
ప్రియ


చేవెళ్ల,
ఆగస్టు 14

ప్రియా,

ఆ చెట్టు గురించి అడిగినవ్ గదా, తిట్లు తినడానికి సిద్ధంగుండు.

నిన్న ఒక్క క్లాసు తెరిస్తే నూటపన్నెండు వరుసలొచ్చినయి. అండ్ల నావి ఆరు. మిగిలినయన్ని ఎవరివో. అది సరే, ప్రతి వరుసకు ముందు ఆ సోదేంది? "పబ్లిక్ అబ్‌స్ట్రాక్ట్ క్లాస్", "పబ్లిక్ టెస్ట్ క్లాస్", "ప్రొటెక్టెడ్ ఇంటర్‌ఫేస్"... వంద సార్లు అదే పురాణం. పేరు వచ్చేసరికి పానం పోతున్నది. ఆ మాటలు ముందట్నుంచి తీసెయ్ తల్లీ, నీకు పుణ్యముంటది.

ఇగ నా సంగతి. ఆరు నెలలు చూసి, నచ్చితే జనవరి ఆఖరికి పక్కా చేస్తరట. మా మీదున్న రేణుక మేడం మంచిదే గాని లెక్క మనిషి. పని ఎంత జల్ది చేస్తున్నరో చూస్తది. నేను వెనకపడుతున్న, అది నాకు ఎర్కే. మా బాపు అప్పుడే చెప్పిండు, "వాళ్లు ఉంచుకుంటే సరి, లేకుంటే ఆ డబ్బా మూసి పెట్టు, ఇంట్ల నీకేం తక్కువ" అని. తక్కువేం లేదు. పొద్దంతా ఇంటి ముందట రాజకీయం మాట్లాడే మనుషులు, వాళ్లకు చాయలు. ముప్పై నాలుగేండ్లకు నేను చాయలు అందిచ్చుకుంట కూసోవాలెనా? పిచ్చి లేస్తది నాకు. ఈ నౌకరి నాకు కావాలె ప్రియా, అంతే.

మా ఇంట్ల నెట్టు బాగుంటలేదు. ఫోటోలు గీటోలు పెట్టకు. ఏదున్నా మాటల్లనే రాయి.

సమత


చేవెళ్ల,
ఆగస్టు 14
(డ్రాఫ్టులల్ల ఉన్నది. పంపలేదు.)

ప్రియా,

ఇందాక పంపిన దాంట్ల నెట్టు సంగతి అబద్ధం. నెట్టు మంచిగనే ఉన్నది. నా కండ్లే బాగలేవు.

నాలుగేండ్ల కిందనే మొదలైంది. మొదట మసక చీకట్ల చూపు పోయింది. సాయంత్రం బస్సు నంబరు కనపడకపోతే నిన్ను అడిగేదాన్ని, "చూడు పిల్లా ఏ బస్సో, అద్దాలు మర్చిపోయిన" అని. నాకు అద్దాలే లేవు, నువ్వు ఎన్నడు అడగలేదు. తర్వాత పక్కలకు కనపడుడు పోయింది. ఉగాది దాటినంక నడిమిట్ల గూడ పొగ కమ్మింది. ఇప్పుడు తెర మీద అక్షరాలు లేవు, తెల్లగ ఏదో ఉన్నదని మాత్రం తెలుస్తది. కంటి వెనక పొర ఎండిపోతున్నదని, మందు లేదని దవాఖానల చెప్పిండ్రు.

చెవుల పెట్టుకొని పని చేస్తున్న. తెర మీదున్నదంతా ఒక గొంతు చదువుతది. నీ లేఖ గూడ అదే చదివింది. నువ్వు ఫోన్ల పంపే నవ్వు బొమ్మలను "నవ్వుతున్న ముఖం, నవ్వుతున్న ముఖం, నవ్వుతున్న ముఖం" అని శవయాత్రల చెప్పినట్టు చెప్పింది. ఈ లేఖ నేను నోటితోని చెప్తున్న, ఫోన్ రాసుకుంటున్నది.

అందుకే ఆ చెట్టు నన్ను చంపుతున్నది. కండ్లున్నోళ్లు ఒక్కసారి చూసి దాటేస్తరు. నేను నూటపన్నెండు వరుసలు ఒకటెనక ఒకటి వినాలె. ముందు పేరు చెప్తే, నాది కాదని తెల్వంగనే కింది దానికి దుంకుత. పేరు ఆఖరికి వస్తది గాబట్టి ప్రతిదీ పూరాగ వినాలె. ఆ మాటలు నాకు వద్దని కాదు. పేరు తర్వాత పెట్టుమని.

మా అమ్మకు ఒక్కదానికే ఎర్క. బాపుకు తెలిస్తే "ఆ డబ్బానే కండ్లు తిన్నది" అంటడు, ఆ రోజే పని బంద్. ఆఫీసుకు తెలిస్తే పక్కా చేస్తరా? నీకు చెప్తే నువ్వు ఏడుస్తవ్. ఏడ్చినంక నాతోని మెల్లగ, జాలిగ మాట్లాడుతవ్. అది నేను


మొయినాబాద్,
సెప్టెంబర్ 22, ఆదివారం

అక్కా! అయిపోయింది!

నువ్వు అన్న తెల్లారే షురూ చేసిన. ఆ ముందటి మాటలన్ని పీకి పారేసిన. "పబ్లిక్" లేదు, "అబ్‌స్ట్రాక్ట్" లేదు, "టెస్ట్" లేదు. వాటి జాగల చిన్న చిన్న రంగు చుక్కలు. అసలు క్లాసుకు నీలం, టెస్టు క్లాసుకు నారింజ, ఇంటర్‌ఫేస్‌కు పచ్చ. మనవి కానియి పోగొట్టలేదు, వెలిసిపోయినట్టు బూడిద రంగు చేసిన, కన్ను వాటి మీద ఆగకుంట మనవాటి మీదికే పోతది. ఎంత ముద్దుగున్నదో తెల్సా! సుకుమార్ సార్ కుర్చీ జరుపుకొని దగ్గరికొచ్చి చూసి, "ప్రియా, ఊపిరాడుతున్నది ఇప్పుడు" అన్నడు. ఆయన నోట్ల నుంచి మెచ్చుకోలు రావుడంటే మాటలు కాదు.

అయితే ఒక షరతు పెట్టిండు. బయటి మనిషి, రోజు వాడే మనిషి ఒక్కరన్నా చూసి సరే అనాలెనట. నేను నీ పేరు చెప్పిన. మీ నెట్టు పాడని ఎర్కే గాని ఒక్కటే ఫోటో అక్కా, చిన్నగ చేసి పెట్టిన. చూసి చెప్పు. నీకు నచ్చకపోతే వారం కాదు, నెల కూసోని మళ్ల చేస్త, ఒట్టు.

మా అమ్మ నిన్ను అడిగింది. ఇప్పుడు కనకమామిడిల జర్బెరా పూల షెడ్లల ఆమెనే మేస్త్రి, పదకొండు మంది ఆడోళ్ల మీద. పూలు కోసి, తుడిచి, డబ్బాలల్ల పేర్చి వ్యాన్ ఎక్కిపిస్తరు. ఆ చల్లటి వ్యాన్లకు మీ కంపెనీ సాఫ్ట్‌వేరే అట గదా! నేను చెప్తే "సమత చేసిన బండా, అయితే పైలంగ పోతది" అన్నది.

నీ
ప్రియ


చేవెళ్ల,
సెప్టెంబర్ 23

ప్రియా,

చూసిన. బాగున్నది. పంపియ్యండి.

పని మస్తున్నది, తర్వాత రాస్త. అమ్మను అడిగిన అని చెప్పు.

సమత


మొయినాబాద్,
నవంబర్ 24, ఆదివారం

అక్కా,

రెండు నెలలాయె, ఒక్క ముక్క రాయవు. నువ్వు రాయకున్నా నేను రాస్త, నాకు సిగ్గు లేదు.

పోయిన సోమవారం కొత్త చెట్టు అందరికి పంపినం. నీకు గూడ వచ్చే ఉంటది. ఎంతమంది మెచ్చుకున్నరో! ఎక్కడెక్కడోళ్లో "కండ్లకు హాయిగున్నది" అని రాసిండ్రు. వచ్చే నెల నన్ను పెద్ద మీటింగుల నిలబెట్టి మాట్లాడిపిస్తరట. నీ పేరు చెప్తనే, వద్దన్నా చెప్త.

కాని ఇంట్ల బాగలేదు. అమ్మకు కష్టమొచ్చింది. గురువారం పెండ్లిళ్లకని మూడు వందల డబ్బాల పూలు పంపిండ్రు. దారిల వ్యాన్ల చల్లటి మిషన్ ఆగిపోయింది. రోడ్డు ఎడల్పు చేస్తున్నరు గదా, అక్కడ రెండు గంటలు ఎండల నిలబడ్డదట. గుడిమల్కాపూర్ మార్కెట్ల తలుపు తీస్తే పూలు ఉడికిన ఆకుకూర తీరుగున్నయి. వాపస్ పంపిండ్రు. అమ్మ రెండు చేతులల్ల పట్టినన్ని ఇంటికి తెచ్చింది, నల్లగ, మెడలు ఇరిగి. ఎందుకు తెచ్చినవే అంటే చెప్పదు.

షెడ్ల యజమాని వ్యాన్ కంపెనీని అడిగిండట. వాళ్లు "మిషన్ ఆగితే అలారం మోగుతది, మోగలేదంటే మిషన్ ఆగలేదు, పూలు తడిగ పెట్టిండ్రు గాబట్టే కుళ్లినయి" అన్నరట. తడిగ పెట్టిందెవరు? అమ్మోళ్లు! ఒక్కో పువ్వును బట్టతోని తుడిచి పెడుతదక్కా, చంటిపిల్లను తుడిచినట్టు.

మనసు ఒక్క కాడ నిలుస్తలేదు. నువ్వైనా మాట్లాడు.

ప్రియ


చేవెళ్ల,
నవంబర్ 27

ప్రియా,

గురువారమంటే 21వ తారీఖే గదా? బండి ఎన్ని గంటలకు బయలెల్లింది? డ్రైవర్ ఎవరు? అలారం అస్సలు మోగలేదా, మోగితే ఆయన వినలేదా? అమ్మను కాదు, డ్రైవర్‌ను అడుగు. బరాబర్ అడిగి రాయి.

జల్ది రాయి.

సమత


మొయినాబాద్,
నవంబర్ 29

సమతక్కా,

అడిగిన. డ్రైవర్ బాల్‌రాజ్ అన్న, అమ్మకు తమ్ముడి లెక్క. బండి పదకొండు గంటలకు తీసిండు. అలారం కుయ్యి అనలేదు. "మోగితే దున్నపోతు గూడ లేస్తది బిడ్డా, నేను లేవనా" అన్నడు. అంతకుముందు వారం ఊకెనే మోగిందట, ఆ వారమే మూగగున్నదట. సరేనా? ఇంకేమన్నా కావాల్నా, బండి నంబరు చెప్పాల్నా?

కోపం చేస్తున్న అనుకోకు. అనుకో, కోపమే. నిన్న అమ్మను మేస్త్రి పనిల నుంచి తీసేసిండ్రు. ఆ షెడ్లల పదకొండేండ్లు చేసింది. ఇయ్యాల్టి సంది వేరే ఆమె కింద పూలు కొయ్యాలెనట, లేదా మానుకోవాలెనట. అమ్మ మానుకుంట అన్నది. ఇయ్యాల పొద్దున్నే లేసి తయారై చెప్పులేసుకొని, మళ్ల యాదికొచ్చి చెప్పులిడిసింది.

నువ్వు "అయ్యో" అని గూడ అనలేదు. పోలీసు లెక్క సవాళ్లు అడిగినవ్. నువ్వు గిట్లాంటి మనిషివి కాదు. ఏదో దాస్తున్నవ్. ఏందో చెప్పు, లేకుంటే నేను ఇగ రాయ.

ప్రియ


చేవెళ్ల,
డిసెంబర్ 1, ఆదివారం

ప్రియా,

దీని కింద ఒక పాత లేఖ పెట్టిన. ఆగస్టుల చెప్పి పంపకుంట ఆపుకున్నది. ముందు అది చదువు. చదివినంక ఇది చదువు.

చదివినవా?

మీ అమ్మ పూలు తడిగ పెట్టలేదు. అలారాన్ని నేను ఆపిన. 19వ తారీఖు, మంగళవారం, పొద్దుగాల పది గంటలకు.

మా దగ్గర "వ్యాన్ అలారం" అని రెండు క్లాసులున్నయి. ఒకటి అసలుది, బండ్లల్ల మోగేది. ఇంకోటి టెస్టుది, మేం ఆఫీసుల పరీక్ష చేసుకునే ఉత్తుత్తిది. ఊకె మోగి చెవులు తింటున్నది, టెస్టు దాన్ని మూగ చెయ్యమన్నరు. రెండింటి పేరు ఒక్కటే. ఇదివరకు ముందట "టెస్ట్" అని వినపడేది, ఆ మాటను నేను తిట్టుకునేదాన్ని. ఆ రోజు నీ కొత్త చెట్టు వచ్చి ఒక్క దినమైంది. గొంతు "వ్యాన్ అలారం" అన్నది. ఇంకో వరుస "వ్యాన్ అలారం" అన్నది. అంతే. రంగు చుక్కను అది చదవదు. నేను మొదటిది పట్టుకున్న. దాన్ని తెరిచి పై నుంచి వింటే తెలిసేది. జల్ది అయిపోవాలెనని వినలేదు. నవీన్ అనే పిలగాడు నా కోడు సరి చూడాలె, వాడు "అక్క చేసింది గదా" అని తెరవకుంటనే ఒప్పుకున్నడు, అది సక్కగ బండ్లల్లకు పోయింది.

నీ లేఖ వచ్చిన నాడే చూసుకొని సరిచేసిన. ఎవ్వరు అడగలేదు, ఎవ్వరికి తెల్వదు. జనవరి ముప్పై ఒకటి దాక నోరు మూసుకుంటే నా నౌకరి నాది. వారం రోజులు అదే అనుకుంట ఇంట్ల ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగిన. "ఇంకొక్క రెండు నెలలు" అని ఎన్ని సార్లు అనుకున్ననో. మీ అమ్మ చెప్పులు ఇడిసిన సంగతి విన్నంక నాతోని కాలేదు.

ఆ ఫోటో నేను చూడలేదు. చూడకుంటనే "బాగున్నది" అన్న. గొంతు దాన్ని "చిత్రం" అని ఒక్క మాట అన్నది, అంతే నాకు తెలిసింది.

నన్ను ఏమన్నా అను.

సమత


మొయినాబాద్,
డిసెంబర్ 3

సమతక్కా,

మూడు సార్లు రాసి కొట్టేసిన. ఏడ్సిన గూడ. నువ్వు అన్నట్టే అయింది, తృప్తా? కాని జాలిగ మాట్లాడుతనని మాత్రం అనుకోకు, నాకు ఇప్పుడు జాలి లేదు.

నాలుగేండ్లు పక్కపక్కన కూసున్నం. నీ టిఫిన్ డబ్బాల నేను తిన్న, నా దుఃఖం నీ భుజం మీద ఏడ్సిన. "బస్సు నంబరు చూడు పిల్లా" అన్నప్పుడల్లా నేను మహా హుషారైన దాన్నని మురిసిన. ఒక్కసారి, ఒక్కసారి చెప్పలేకపోతివా? నీ కండ్ల మీద నాకు కోపం లేదు. "బాగున్నది" అన్న ఆ ఒక్క మాట మీద ఉన్నది. ఆ మాట నమ్మే నేను పంపిన.

ఇగ నా సంగతి విను. నేను గూడ ఒకటి దాచిన. పంపిన మూడు దినాలకే ఒకాయన మా ఆఫీసుకు రాసిండు, "నాకు నారింజకు పచ్చకు తేడా తెల్వదు, ఏది టెస్టో ఎట్ల తెలియాలె" అని. అది గురువారం. పొద్దున్నే వచ్చింది, అమ్మోళ్ల బండి ఇంకా బయలెల్లలేదు. అప్పుడు నేను మెచ్చుకోలు చదువుకుంట కూసున్న. "ఒక్కడే గదా" అని పక్కకు పెట్టిన. సార్‌కు చెప్పలేదు, నీకు చెప్పలేదు. రంగు కనపడనోళ్ల సంగతేందని ఒక్క పూట నిలబడి ఆలోచించలేదు.

నీకు నౌకరి ఎంత అవసరమో నాకు ఎర్క. అందుకే మీ ఆఫీసుకు నేను చెప్ప. మా అమ్మకు గూడ నేను చెప్ప. నువ్వే చెప్పు, నీ నోటితోని. చెప్పకపోతే, అక్కా, నేను ఏం జేస్తనో నాకే తెల్వదు.

ప్రియ


చేవెళ్ల,
డిసెంబర్ 10

ప్రియా,

ముగ్గురికి చెప్పిన.

మొదట రేణుక మేడంకు. ఫోన్ల చెప్పిన. అలారం సంగతి మొత్తం విన్నది, కండ్ల సంగతి మొత్తం విన్నది. రెండు రోజులు మాట లేదు. ఆ రెండు రోజులు ఎట్ల గడిపిన్నో అడగకు. నిన్న పొద్దుగాల చేసింది. తప్పు మాదే, పూలు మంచిగనే పెట్టిండ్రు అని షెడ్ల యజమానికి కాయితం రాసి పంపిందట. నాకేమో, పాత నాలుగు నెలలు లెక్కకు రావన్నది. ఆరు నెలలు మళ్ల మొదట్నుంచి. "ఈసారి నువ్వు ఎట్ల పని చేస్తవో అందరికి తెలిసి చెయ్యాలె, సోమవారం ఆఫీసుకొచ్చి మాకు చూపియ్యి" అన్నది. తీసేస్తదనుకున్న. తీసెయ్యలేదు.

తర్వాత బాపుకు. నేననుకున్నట్టే లేచిండు, "ఆ డబ్బానే" అని. "డబ్బా కాదు బాపు, పుట్టుకతోనే ఉన్నదట" అన్న. ముందట్ల కూసున్న మనుషులను "మళ్ల రండ్రి" అని పంపిండు. టీవీ బంద్ చేసిండు. "నాకెందుకు చెప్పలేదు బిడ్డా" అన్నడు. ఆ గొంతు నేనెన్నడు వినలేదు.

ఆఖరికి మీ అమ్మకు. తిట్టింది, కడుపునిండ తిట్టింది. "పదకొండేండ్ల పేరు ఒక్కనాడు తీస్తివి" అన్నది. నేను తిట్లన్ని విన్న. అలసిపోయినంక ఏం అడిగిందో తెల్సా? "పూలు ఏ రంగో నీకు తెల్వదా బిడ్డా ఇప్పుడు" అని. తెల్వదన్న. "ఆ రోజువి ఎర్రయి" అన్నది. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

యజమాని మళ్ల రమ్మన్నడట గదా. పోయిందా? రాయి.

సమత


మొయినాబాద్,
డిసెంబర్ 13

అక్కా,

పోయింది. ఊకె పోలేదు. "పిలిస్తే రాను, షెడ్డు ముందట అందరు వింటుండంగ తప్పైందని చెప్తే వస్త" అని కూసున్నది. చెప్పిండట. అంత పెద్ద మనిషి టోపీ తీసి చెప్పిండని బాల్‌రాజ్ అన్న నవ్వుకుంట చెప్పిండు. ఇయ్యాల చెప్పులేసుకొని పోయింది.

ఇగ చెట్టు సంగతి. రెండు రోజులు తెర బంద్ చేసి, నువ్వు వాడే గొంతు పెట్టుకొని పని చేసిన. మొదటి గంటల మూడు సార్లు ఏడుపొచ్చింది, నాలుగోసారి డబ్బా తీసి ఖాళీ ఈత తొట్టిల పడేద్దామనిపించింది. నువ్వు నెలల సంది దీంతోనే బతుకుతున్నవా! సార్‌తోని లొల్లి పెట్టుకున్న. "అందరు మెచ్చిన రంగులు తీస్తవా" అన్నడు. తియ్య, ఉంచుత, కాని మాట గూడ ఉండాలె అన్న. ఆ ఒకాయన రాసిన ముక్క చూపించిన, పూల సంగతి చెప్పిన, నేను దాచిన సంగతి గూడ చెప్పిన. మాట్లాడిపిచ్చే కార్యక్రమం పోయింది, పోనీ.

ఇప్పుడు గిట్ల చేసిన. ప్రతి వరుసల ముందు పేరు. పేరు తర్వాతనే అది అసలుదా, టెస్టుదా, ఇంకేందో. రెండింటికి ఒక్కటే పేరుంటే, అది ఏ ఫైలుదో గూడ చెప్తది. మనవి కానియన్ని కలిపి ఆఖరికి ఒక్క వరుస: "ఇంకా నూట ఆరు ఉన్నయి" అని. కావాలంటే తెరుచుకోవాలె. దాచలేదు అక్కా, ఉన్నయని చెప్తనే మడిచి పెట్టిన.

నీకు పంపుతున్న. ఫోటో కాదు, అసలుదే. విను. విన్నంకనే చెప్పు. చెత్తగుంటే చెత్త అను. "బాగున్నది" అన్నవంటే మాత్రం వచ్చి కొడుత.

సోమవారం సెలవు పెట్టిన. నీతోని మెహదీపట్నం దాక వస్త, ఆఫీసు దాక వస్త. వద్దనకు.

నీ
ప్రియ


చేవెళ్ల,
డిసెంబర్ 15, ఆదివారం

ప్రియ పిల్లా,

విన్న. ఒక తప్పు ఉన్నది. వరుస తెరిచినంక మళ్ల మూస్తే, మూసుకున్నదో లేదో చెప్తలేదు. ఉట్టిగ గమ్మునుంటది. నేను మూడు సార్లు నొక్కిన, తెరుచుకున్నదా మూసుకున్నదా తెల్వక. అది సరిచెయ్యి. ఇంకోటి, "ఇంకా నూట ఆరు ఉన్నయి" అనేది మంచి మాటే గాని, ఎవరి కింద ఉన్నయో చెప్తే ఇంకా మంచిది.

మిగిలింది చెప్త. నా ఆరు క్లాసులు ఏడు వరుసలల్ల వచ్చినయి. నూటపన్నెండు పోయి ఏడు! "వ్యాన్ అలారం, టెస్ట్" అన్నది గొంతు. "వ్యాన్ అలారం, అసలు" అన్నది. ఊకెనే పది సార్లు కిందికి మీదికి పోయిన, అది పది సార్లు అట్లనే చెప్పింది. అమ్మను పిలిచి వినిపించిన, ఆమెకు ఏం సమజ్ కాలేదు గాని కూసోని విన్నది.

బాపు కారుల తీస్కపోత అన్నడు. ఆఫీసు బయట కూసుంట అన్నడు. వద్దన్న. అలిగిండు. బస్టాండు దాక వచ్చి బస్సెక్కిపిచ్చి పోత అంటే సరే అన్న. కట్టె గూడ తెప్పించిండు, తెల్లది, మడతపెట్టేది. ఇంట్ల పట్టుకొని తిరిగి చూస్తున్న. సిగ్గైతున్నది, అయినా తెస్త.

రేపు పొద్దుగాల ఏడున్నర బస్సు. ఎడమ దిక్కు మూడో సీటు, ఎప్పటిదే. పక్కన దస్తీ ఏసి ఉంచుత. కొట్లాడి ఆపుత, ఆ ఫికర్ నీకొద్దు. కాని మొయినాబాద్‌ల నలభై మంది ఎక్కుతరు, అండ్ల నువ్వు ఏ మనిషివో నాకు కనపడదు. ఊకె వచ్చి భుజం మీద చెయ్యి ఏసి భయపెట్టకు. ఎక్కంగనే ముందు పేరు చెప్పు. తిట్టేది, ఏడ్సేది, మిగిలిందంతా తర్వాత.

సమత